క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదా? బయట ఎలా వెతకాలో చెప్తాను

2024లోనో 2025లోనో బీటెక్ అయిపోయి ఇంకా ఖాళీగా ఉన్నవాళ్ళు, ఇప్పుడు ఫైనలియర్‌లో ఉండి కంపెనీలు రావట్లేదని టెన్షన్ పడుతున్నవాళ్ళు, మీ కోసమే ఇది రాస్తున్నాను. మామూలు డిగ్రీ వాళ్ళకి కూడా చాలా వరకు పనికొస్తుంది. నేను హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను, ఆరేళ్ళుగా ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. అవతలి వైపు నుంచి ఏం కనిపిస్తుందో చెప్తే మీకు కొంత దారి తెలుస్తుందని నా ఆశ.

ముందు, తప్పంతా మీదే అనుకోవడం మానేయండి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి దాదాపు 64 వేల మంది ఉద్యోగులు తగ్గారు. 2025 జులైలో టీసీఎస్ ఇంకో 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. మీ అక్కో అన్నో కాలేజీలో ఉన్నప్పుడు ఇవే కంపెనీలు ఒక్క రోజులో వందల మందిని తీసుకెళ్ళాయి, అందుకే ఇంట్లో వాళ్ళకి కూడా ‘అందరికీ వచ్చేది వీడికెందుకు రాలేదు’ అనిపిస్తుంది. వాళ్ళు వెళ్ళిన తలుపు ఇప్పుడు సగం మూసుంది. ఇంకో తలుపు వెతకాలి, దానికి పద్ధతి వేరే.

నేను 2009 పాసౌట్‌ని. ఆ ఏడు జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం లెక్కల మోసం బయటపడింది, అప్పటికే అమెరికాలో మాంద్యం నడుస్తోంది. నా చేతిలో ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ ఉంది. జాయినింగ్ డేట్ త్వరలో చెప్తామన్నారు, నాలుగు నెలలు మా ఊళ్ళో కూర్చుని రోజూ మెయిల్ చూసుకున్నాను, చూసుకోవడానికి నెట్ సెంటర్‌కి వెళ్ళేవాణ్ణి. ఆ డేట్ ఎప్పటికీ రాలేదు. చివరికి పంజాగుట్టలో మందుల డిస్ట్రిబ్యూటర్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే పదకొండు మంది ఆఫీసులో నెలకి ఆరు వేలకి టెస్టింగ్‌లో చేరాను, అదీ మా సీనియర్ ఒకాయన ‘వీడు కాలేజీలో ల్యాబ్ రికార్డులన్నీ సొంతంగా చేసేవాడు, నేను చూశాను’ అని ఒక మాట చెప్పబట్టి. ఆ ‘నేను చూశాను’ అన్న మాట విలువ నాకు ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూర్చున్నాకే పూర్తిగా అర్థమైంది. కాబట్టి కింద రాసేదంతా ఒకే పని గురించి: మీ పనిని కళ్ళారా చూసిన నలుగురు మనుషుల్ని సంపాదించుకోవడం.

ఆఫర్ చేతిలో ఉన్నా సరే, జాయిన్ అయ్యే రోజు దాకా వెతుకుతూనే ఉండండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎదురుచూపులో పోయిన నాలుగు నెలలు నాకు తిరిగి రాలేదు.

రోజుని ఎలా గడపాలి

చాలామంది పిల్లలు నాతో ‘సార్, 400 కంపెనీలకి అప్లై చేశాను, ఒక్క కాల్ రాలేదు’ అంటారు. నిజమే చెప్తున్నారు. కానీ ఆ 400 ఎలా చేశారని అడిగితే, రాత్రి పదకొండింటికి పక్క మీద పడుకుని ఫోన్‌లో వరసగా అప్లై బటన్ నొక్కుకుంటూ పోయారని తెలుస్తుంది. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే అది. ఎంత పోసినా నిలవదు, పైగా రోజంతా కష్టపడ్డామన్న భ్రమ మిగులుతుంది.

నేను చెప్పే లెక్క ఇది. పొద్దున పూట మూడు నాలుగు గంటలు చేతి పనికి, అంటే కోడింగో, ఎక్సెలో, డిజైనో మీరు ఏది పట్టుకున్నారో దానికి. మధ్యాహ్నం రెండు గంటలు మనుషులకి: మెసేజ్‌లు రాయడం, ఫోన్లు చేయడం, పాత సీనియర్లని కలవడం. అప్లికేషన్లకి సాయంత్రం ఒక గంట చాలు, రోజుకి ఐదు కంటే ఎక్కువ వద్దు, కానీ ఆ ఐదింటికీ ఉద్యోగ ప్రకటన పూర్తిగా చదివి రెజ్యూమేలో పైమూడు లైన్లు దానికి తగ్గట్టు మార్చండి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి, గూగుల్ షీట్ అయినా సరే. ఏ తేదీన, ఏ కంపెనీకి, ఎవరి ద్వారా, మళ్ళీ ఎప్పుడు అడగాలి, ఇంతే రాసుకోండి. వారం తర్వాత మర్యాదగా ఒకసారి గుర్తుచేస్తే పని జరిగిన సందర్భాలు నేను చాలా చూశాను. రాసుకోకపోతే ఎవరిని ఎప్పుడు అడిగామో మనకే గుర్తుండదు.

నౌక్రీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్స్ పూర్తిగా నింపండి, నౌక్రీలో తరచుగా చిన్న మార్పు చేసి సేవ్ చేస్తూ ఉండండి, ఈ మధ్య అప్‌డేట్ అయిన ప్రొఫైల్స్‌నే రిక్రూటర్లు ముందు వెతుకుతారు. ఇంటర్న్‌షిప్‌లకి ఇంటర్న్‌శాల. ప్రభుత్వం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, రూపాయి ఖర్చు లేదు. తెలంగాణలో ప్రభుత్వం నడిపే టాస్క్ (నైపుణ్య శిక్షణ సంస్థ), డీట్ (ఉద్యోగాల పోర్టల్), ఆంధ్రలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టే జాబ్ మేళాలు కూడా వదలకండి. మేళాల్లో వచ్చే జీతాలు చూసి చాలామంది మొహం తిప్పుకుంటారు, కనీసం నాలుగు ఇంటర్వ్యూల అనుభవం అయినా అక్కడ ఉచితంగా దొరుకుతుంది.

చూపించడానికి ఒక పని

కిందటేడు ఒక ఇంటర్వ్యూ జరిగింది. కావలి వైపు కాలేజీలో చదివిన అమ్మాయి. మార్కులు మామూలు, ఇంగ్లీషు తడబాటుగా ఉంది. ఆ రోజు అంతకుముందు వచ్చిన తొమ్మిది మందిలో ఆరుగురి రెజ్యూమేలో ఒకటే ప్రాజెక్టు, ముఖాన్ని గుర్తుపట్టి అటెండెన్స్ వేసే సిస్టమ్. లోపల ఏముందని అడిగితే ఒక్కరూ రెండో ప్రశ్న దాటలేదు. అది ఎక్కడ కొన్నదో మాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

ఈ అమ్మాయి హాస్టల్ మెస్ కోసం ఒక చిన్న వెబ్ పేజీ చేసింది. రేపు పొద్దున టిఫిన్ తినేవాళ్ళు ముందు రోజు రాత్రి టిక్ పెట్టాలి, వంటాయన ఆ లెక్క చూసి పిండి కలుపుకుంటాడు. అంతే. పెట్టిన వారానికే ఒక రోజు ఇడ్లీలు ముప్పై మందికి చాలలేదట, వంటాయన ఈమె మీద కేకలేశాడట. టిక్ పెట్టామని అందరూ అంటున్నారు, లెక్కలో మాత్రం లేరు. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుంటే తేలిందేమిటంటే, సర్వర్ మన టైమ్‌లో లేదు, ఐదున్నర గంటలు వెనక ఉంది. రాత్రి పన్నెండు దాటాక టిక్ పెట్టినవాళ్ళంతా అంతకుముందు రోజు లెక్కలో పడుతున్నారు. ఇది చెప్తున్నప్పుడు ఆ అమ్మాయి తడబడలేదు, మధ్యలో తెలుగులోకి వెళ్ళిపోయింది, పేపర్ అడిగి బొమ్మ గీసింది. మా ప్యానెల్‌లో ముగ్గురం ఇక వేరే ప్రశ్న అడగలేదు. ఇప్పుడు మా టీమ్‌లోనే ఉంది.

మీకు కావాల్సింది ఇలాంటిది ఒకటి. కొత్తగా, గొప్పగా ఉండక్కర్లేదు. నిజమైన మనుషులు కొందరు వాడాలి, వాడినప్పుడు ఏదో ఒకటి చెడిపోవాలి, మీరు దాన్ని బాగుచేసి ఉండాలి. మీ మామయ్య ఎరువుల షాపులో అప్పుల ఖాతా, ఊళ్ళో పాల కేంద్రం లెక్కలు, ట్యూషన్ సెంటర్ ఫీజుల పట్టిక, ఏదైనా సరే. సాఫ్ట్‌వేర్ రాని కామర్స్ పిల్లలైతే ఒక చిన్న షాపు మూడు నెలల బిల్లులు తీసుకుని ఎక్సెల్‌లో ఏ సరుకు ఎప్పుడు ఎక్కువ అమ్ముడైందో తీసి చూపించినా అదే విలువ. వేల రూపాయలు పోసి కొనే ప్రాజెక్టు మీకు మార్కులు తెస్తుందేమో గాని ఉద్యోగం తేదు.

రెజ్యూమే ఒక్క పేజీ. ‘పైథాన్, జావా, ఎస్‌క్యూఎల్, మెషిన్ లెర్నింగ్ తెలుసు’ అని వరస పేర్చే బదులు, ‘హాస్టల్లో 140 మంది రోజూ వాడిన మెస్ లెక్క పేజీ తయారుచేసి నాలుగు నెలలు నడిపాను, టైమ్ తేడా వల్ల వచ్చిన తప్పు కనిపెట్టి సరిచేశాను’ అని రాయండి. రాసేది ఇంగ్లీషులోనే, కానీ విషయం ఇలా ఉండాలి. పక్కనే లింక్ ఇవ్వండి. ఆ లింక్ పనిచేస్తుందో లేదో పంపే ముందు వేరే ఫోన్‌లో తెరిచి చూసుకోండి, పది లింకుల్లో సగం మాకు తెరుచుకోవు. తండ్రి పేరు, కులం, డిక్లరేషన్, ‘హాబీస్: లిజనింగ్ మ్యూజిక్’, ఇవన్నీ తీసేయండి.

రెఫరల్ అడగడం సిగ్గుపడే పని కాదు

రెఫరల్ అంటే కంపెనీలో పనిచేసేవాళ్ళు మీ పేరుని లోపల సిఫారసు చేయడం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా. కానీ మన పిల్లలు అడిగే తీరు చూడండి. ‘హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్ ఫర్ ఫ్రెషర్స్ సర్.’ నాకు వారానికి ఇలాంటివి పది పదిహేను వస్తాయి. జవాబివ్వాలనే ఉంటుంది, ఏమని ఇవ్వాలో తెలియదు. మీరెవరో, ఏం చేయగలరో, ఏ పోస్టు అడుగుతున్నారో నాకేం తెలుసు?

ఇలా రాసి చూడండి: ‘అన్నా, నేను మన కాలేజీ ఈసీఈ 2025 బ్యాచ్. మీ కంపెనీ సైట్‌లో టెస్టింగ్ ట్రైనీ పోస్టు చూశాను, జాబ్ ఐడీ కింద పెట్టాను. మా హాస్టల్ మెస్ కోసం నేను చేసిన పేజీ లింక్ ఇది, రెండు నిమిషాల్లో చూడొచ్చు. చూశాక ఈ పోస్టుకి సరిపోతాననిపిస్తేనే రెఫర్ చేయండి. సరిపోను అనిపిస్తే ఏం నేర్చుకోవాలో ఒక్క ముక్క చెప్పినా చాలు.’ ఇందులో అవతలి మనిషికి పని తక్కువ, ఇబ్బంది ఇంకా తక్కువ. చాలా కంపెనీల్లో రెఫర్ చేసిన అభ్యర్థి చేరితే, రెఫర్ చేసినవాళ్ళకి కంపెనీ డబ్బు కూడా ఇస్తుంది కాబట్టి మీరేదో బిచ్చం అడుగుతున్నట్టు బాధపడనక్కర్లేదు.

ఎవరిని అడగాలి అంటే, ముందు మీ కాలేజీలో మీకంటే రెండు మూడేళ్ళ ముందు బయటికెళ్ళినవాళ్ళని. పదేళ్ళ సీనియర్ల కంటే వీళ్ళే నయం, ఖాళీగా ఉన్న రోజులు వాళ్ళకి ఇంకా గుర్తుంటాయి. తర్వాత మీ ఊరి వాళ్ళు, చుట్టాలు, మీ ట్యూషన్ మాస్టారి పాత విద్యార్థులు. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని పాసైపోయాక కూడా నెలకోసారి కలవండి, కంపెనీలు ‘ఉన్నపళంగా ఇద్దరు కావాలి’ అని ఫోన్ చేసేది ఆయనకే, అప్పుడు ఆయనకి గుర్తొచ్చేది నిన్నో మొన్నో ఎదురుగా కనిపించిన మొహమే.

ఒకే గేటు దగ్గర నిలబడొద్దు

బీటెక్ చదివితే మాదాపూర్, గచ్చిబౌలి తప్ప ఇంకేమీ కనిపించకపోవడం మన దగ్గర పెద్ద సమస్య. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ళు తమ బ్రాంచి వదిలేసి అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూ సీఎస్‌ఈ వాళ్ళతో పోటీ పడుతున్నారు, అటు 2019 నుంచి కార్లు తయారవుతున్న పెనుకొండ కియా చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉన్నాయి, తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటివి ఉన్నాయి. మొదటి జీతం ఐటీ అంత ఉండకపోవచ్చు, షిఫ్టులుంటాయి, ఎండలో తిరగాలి. కానీ రెండేళ్ళు ప్లాంటులో పని చేసినవాడికి చేతిలో ఒక పని ఉంటుంది. కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్ళకి మందుల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ, పాశమైలారం, జడ్చర్ల, విశాఖ దగ్గర పరవాడ ఉన్నాయి. క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే యంత్రం) మీద చేయి తిరిగితే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం కష్టం కాదు. బయాలజీ వాళ్ళు మెడికల్ కోడింగ్ (జబ్బులు, చికిత్సల వివరాల్ని బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పని) వైపు చూడొచ్చు, కాకపోతే కోర్సుకి డబ్బు కట్టేముందు ఇప్పుడు ఆ పనిలో ఉన్నవాళ్ళు ఇద్దరితో మాట్లాడండి.

అప్రెంటిస్‌షిప్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. కేంద్ర ప్రభుత్వానికి నాట్స్ అని ఒక పథకం ఉంది. డిగ్రీ, డిప్లొమా అయినవాళ్ళకి ఏడాది పాటు కంపెనీలో పని నేర్పించి స్టైపెండ్ ఇస్తారు. 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్ళకి కనీసం 9 వేలు, డిప్లొమా వాళ్ళకి 8 వేలు అని పెట్టారు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు దీని కిందే అప్రెంటిస్‌లని తీసుకుంటాయి, ఈసీఐఎల్‌లో అయితే రాతపరీక్ష లేకుండా మార్కుల మెరిట్ మీదే తీసుకుంటారు. ఏ ఏడు పాసైనవాళ్ళు అర్హులో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఏడాది అయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తారని మాత్రం ఆశపెట్టుకోకండి, ఇవ్వాలన్న నియమం లేదు. కానీ ఇంట్లో కూర్చున్న ఏడాదికి, పెద్ద సంస్థలో ఒక ఇంజినీర్ పక్కన నిలబడి పని చేసిన ఏడాదికి ఇంటర్వ్యూలో ఎంత తేడా ఉంటుందో నేను చూస్తూనే ఉన్నాను.

బీఏ, బీఎస్సీ, బీకామ్, బీసీఏ వాళ్ళకి 2024 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ ఉంది: 21 నుంచి 24 ఏళ్ళ లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, రెగ్యులర్ చదువులోనో ఉద్యోగంలోనో ఉండకూడదు అనే షరతులతో మొదలుపెట్టారు, నెలకి 5 వేలు, మొదట్లో ఒకసారి 6 వేలు. దరఖాస్తు చేసే రోజు షరతులు మళ్ళీ ఒకసారి పోర్టల్‌లో చూసుకోండి.

బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, ఎస్‌ఎస్‌సీ రాయాలనుకునేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. రాయండి, కానీ ఎన్నాళ్ళు రాస్తారో ఇవాళే ఇంట్లో అందరి ముందు చెప్పి గోడ మీద తేదీ రాసుకోండి. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ రూముల్లో ఆరేళ్ళు గడిపిన స్నేహితులు నాకు ఉన్నారు, మంచి బుర్రలు, తేదీ పెట్టుకోకపోవడమే వాళ్ళ పొరపాటు.

డబ్బు అడిగిన చోట ఆగిపోండి

ఉద్యోగాలు తగ్గినప్పుడు మోసాలు పెరుగుతాయి. కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకుని ‘బ్యాక్‌డోర్‌లో ఇప్పిస్తాం, రెండు లక్షలు, సగం ఇప్పుడు సగం జాయిన్ అయ్యాక’ అనేవాళ్ళు కొందరు. నిజంగానే ఒక ఆఫీసులో కూర్చోబెడతారు, ల్యాప్‌టాప్ ఇస్తారు, రెండు నెలలు జీతం కూడా వేస్తారు, ఆ జీతం మీ డబ్బే. మూడో నెల ఆఫీసుకి తాళం. మా పెదనాన్న మనవడికి ఇలాగే జరిగింది, ఆ రెండు లక్షలు పొలం మీద తెచ్చినవి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ చార్జీ, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఖర్చు, పేరు ఏది పెట్టినా సరే, ఉద్యోగం ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు తీసుకోడు. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న హెచ్‌ఆర్ అడ్రస్‌కి మీరే రాసి నిజమా అని అడగండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా కనిపిస్తారు. పీఎఫ్ ఖాతా వివరాలతోనే ఎక్కడ ఎన్నాళ్ళు చేశారో తేలిపోతుంది. చేరాక బయటపడితే ఉద్యోగం పోతుంది, ఆ కంపెనీ మళ్ళీ మీ రెజ్యూమే ముట్టుకోదు. ఇక కంబోడియా, మయన్మార్, లావోస్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, లక్ష జీతం అని ఎవరైనా అంటే దయచేసి వెళ్ళకండి. 2024లో విశాఖ నుంచి అలా వెళ్ళిన కుర్రాళ్ళని పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. విదేశీ ఉద్యోగం ఏదైనా సరే, ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

గ్యాప్ గురించి, ఇంటి గురించి

‘ఏడాది ఖాళీగా ఉన్నావు కదా, ఏం చేశావు?’ ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అబద్ధం వద్దు. ‘క్యాంపస్‌లో రాలేదు సర్, ఈ ఏడాదిలో ఇది నేర్చుకున్నాను, ఇది చేశాను, ఇదిగో’ అని ఫోన్ తీసి చూపించండి. పది సెకన్లలో అయిపోతుంది. చూపించడానికి ఏదీ లేనివాళ్ళకే ఆ ప్రశ్న కష్టం.

ఇంట్లో అయితే, ప్రతి ఆదివారం మీరే నాన్న దగ్గర కూర్చుని ఆ నోటు పుస్తకం తెరిచి చూపించండి, ఈ వారం ఇంతమందితో మాట్లాడాను, రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి అని. పెళ్ళిళ్ళలో చుట్టాలు అడిగినప్పుడు మీ తరఫున నాన్నే మాట్లాడతాడు. మరీ దిగులుగా ఉండి నిద్ర పట్టకపోతే దాచుకోకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు.

ఆఫర్ వచ్చాక సంతకం పెట్టే ముందు

ప్యాకేజీ 3.6 లక్షలు అంటే నెలకి 30 వేలు చేతికి రాదు. పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) అన్నీ కలిపి చెప్పే అంకె అది, నెలకి చేతికి ఎంత వస్తుందో హెచ్‌ఆర్‌ని సూటిగా అడగండి, కూకట్‌పల్లి హాస్టల్ ఫీజు దాంట్లోంచే కట్టాలి. బాండ్ ఉంటే ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ట్రైనింగ్‌లో తీసేస్తే కూడా కట్టాలా, ఈ మూడూ కాగితం మీద చదవండి, నోటిమాట నమ్మొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే వెరిఫికేషన్‌కి చూపించి అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. ‘మా దగ్గరే ఉంచుతాం’ అంటే అందుకు కారణం రాసి, రసీదు మీద సంతకం పెట్టి ఇమ్మనండి. చాలామంది ఆ మాటతోనే వెనక్కి ఇచ్చేస్తారు, ఇవ్వనన్న చోట చేరకండి.